ఎడమ లైటు ఆర్పలేదు

ఆమధ్య మోకాలికి కట్టుతో క్లాసుకు వచ్చినప్పుడు "స్కూటీ మీంచి పడ్డాను" అని మాత్రమే చెప్పాను. ఎలా పడ్డానో చెప్పడానికి సిగ్గేసింది. మనలో చాలామంది బండి మీదే కాలేజీకి వస్తున్నాం కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

గాంధీనగర్ వైపు ఎడమకు తిరిగాను. ఇండికేటర్ వేసే తిరిగాను, తిరిగాక ఆర్పడం మర్చిపోయాను. కొంచెం ముందు ఎడమ పక్క సందులోంచి ఒక తాతగారు సైకిల్ మీద వస్తున్నారు. నా లైటు చూసి, ఈ పిల్ల సందులోకి తిరుగుతుంది కదా అని రోడ్డెక్కేశారు. నేనేమో తిన్నగా వెళ్ళాను. బ్రేకు గట్టిగా నొక్కేసరికి బండి జారింది. ఆయనకు దెబ్బ తగల్లేదు గాని సంచిలోని వంకాయలు రోడ్డంతా దొర్లాయి. నన్ను లేపి ఆయన అన్నది ఒక్కటే మాట: "ఏటమ్మా, లైటు ఎడమంటాది, బండి తిన్నగెల్తాది, నాను దేన్ని నమ్మాలి?"

నా దగ్గర జవాబు లేదు. నేను అసలు ఇండికేటరే వెయ్యకపోయి ఉంటే ఆయన ఆగి చూసేవారు.

కారులో అయితే స్టీరింగు తిన్నగా వచ్చేసరికి ఇండికేటర్ మీట దానంతటదే వెనక్కి వస్తుంది. మన స్కూటీలకు సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. ఎడమ బొటనవేలితో స్విచ్చిని లోపలికి నొక్కాలి. మీటరు దగ్గర మెరిసే బాణం మన బరంపురం ఎండలో కనబడదు. అందుకని ఇప్పుడు ప్రతి మలుపు తర్వాతా ఒకసారి నొక్కేస్తున్నాను, ఆరిపోయి ఉన్నా నష్టం లేదు కదా.

ఇక ఎప్పుడు వెయ్యాలి? చాలామంది హేండిల్ తిప్పుతూ వేస్తారు. అది చెప్పడం కాదు, చేసేశాక కబురు పంపడం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఈ లైటు కాషాయ పసుపు రంగులో, నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరవాలి. అంటే సెకనుకు ఒకటి లేదా రెండు మెరుపులు. ఆఖరి సెకనులో వేస్తే వెనకవాడికి ఒక్క మెరుపే దక్కవచ్చు, వాడు ఆ క్షణంలో పక్కకు చూస్తుంటే అదీ లేదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. మలుపుకు మూడు సెకన్ల ముందు, అంటే 30 మీటర్ల దూరంలో వేస్తే వెనకవాళ్ళకు చూసి, అర్థం చేసుకుని, బ్రేకు వేసే వ్యవధి ఉంటుంది. హైవే మీద వేగం ఎక్కువ, దూరమూ పెరగాలి. అలాగని మరీ ముందుగానూ వెయ్యకూడదు. మీ మలుపుకు ముందే ఇంకో సందు ఉంటే అది దాటాకే వెయ్యండి, లేకపోతే అక్కడ ఇంకో తాతగారు ఉంటారు.

కుడివైపు తిరగడం మరీ కష్టం. ముందు అద్దంలో చూడాలి, తర్వాత లైటు, తర్వాత కుడి భుజం మీదుగా ఒక చూపు, అప్పుడు మెల్లగా రోడ్డు మధ్యకు జరగాలి. ఎదురుగా వచ్చే బళ్ళు వెళ్ళాకే తిరగాలి. లైటు వేసినంత మాత్రాన దారి మనదైపోదు. ఎడమ అంచు నుంచి లైటు వేసుకుని అడ్డంగా దూసుకుపోయేవాళ్ళను టాటా బెంజ్ చౌక్‌లో రోజూ చూస్తూనే ఉన్నాం.

కార్లవాళ్ళకు ఇంకో అలవాటుంది. కూడలిలో తిన్నగా వెళ్తున్నామని చెప్పడానికి రెండు వైపుల లైట్లూ వేస్తారు. పక్క రోడ్డు నుంచి చూసేవాడికి ఒక వైపుదే కనిపిస్తుంది, వాడు బండి తిరుగుతుందనుకుంటాడు. ఆ లైట్లు దారిలో ఆగిపోయిన బండి కోసం. తిన్నగా వెళ్ళేవాడు ఏదీ వెయ్యక్కర్లేదు.

లారీల భాష వేరు. ఇరుకు రోడ్డు మీద ముందున్న లారీ కుడి లైటు వేస్తే కొందరికి "దాటుకో" అని, కొందరికి "నేను తిరుగుతున్నాను, ఆగు" అని. ఎవరి భాషలో మాట్లాడుతున్నాడో తెలియనప్పుడు మా నాన్న దాటడు. వెనకే వెళ్తాడు, ఎంత లేటైనా.

చేతి సైగలు కూడా ఉన్నాయి. పాత నియమాల్లో కుడికి తిరగాలంటే కుడి చెయ్యి బారుగా చాచాలి, ఎడమకైతే అదే చేతిని గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. స్కూటీ మీద ఇది చెప్పినంత సులువు కాదు, యాక్సిలరేటరు ఉన్నది ఆ చేతిలోనే. మన ఆటోవాళ్ళు కాలు బయటపెట్టి తిప్పేస్తుంటారు, అది ఏ నియమంలోనూ లేదు.

ఒక్కటి మనకోసమే. చున్నీ గాని, వెనక కూర్చున్నవాళ్ళ చీర కొంగు గాని, వేలాడే బ్యాగు గాని వెనక లైటును కప్పేస్తే ఎంత సకాలంలో వేసినా ఒకటే. బయల్దేరే ముందు ఒకసారి వెనక్కి వెళ్ళి చూడాలి. లైటు మామూలు కంటే గబగబా కొట్టుకుంటుంటే ఒక బల్బు పోయి ఉండొచ్చు, మెకానిక్‌కు చూపించండి.

సాయంత్రం కాలేజీ గేటు దాటాక కూడా నా ఎడమ లైటు మెరుస్తూనే కనిపిస్తే ఒక కేక వెయ్యండి. తెలుగులో వేసినా సరే, ఒడియాలో వేసినా సరే.