మెలనీ సాధువే... ఒలీవియా కాదు! మీకు తెలుసా?

'గాన్ విత్ ద విండ్' చూసినవాళ్లకు మెలనీ గుర్తుండే ఉంటుంది. తన మొగుడి మీద మనసు పడ్డ స్కార్లెట్‌ను కూడా సొంత తోబుట్టువులా చూసుకునే మెతక మనిషి. ఆ వేషం వేసిన ఒలీవియా డి హావిలాండ్ కూడా అంత మెతకేమో అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. జీతమిచ్చే స్టూడియోనే కోర్టుకీడ్చింది, గెలిచింది, ఆ తీర్పు తన పేరుతోనే చలామణీ అయ్యేలా చేసుకుంది. నూట ఒకటో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు కూడా మరో దావా వేసింది! ఆవిడ గురించి కొన్ని విశేషాలు చూద్దాం.

★ ఈ అమెరికన్ తార పుట్టింది జపాన్‌లో. 1916 జులై 1న, టోక్యోలో. తల్లిదండ్రులిద్దరూ ఇంగ్లిషువాళ్లు. తండ్రి వాల్టర్ అక్కడి ఇంపీరియల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పి, తర్వాత పేటెంట్ల వకీలయ్యాడు. తల్లి లిలియన్‌కు నాటకాల పిచ్చి. షేక్స్‌పియర్ 'ట్వెల్త్ నైట్' నాటకంలోని ఒలీవియా పేరే పెద్దకూతురికి పెట్టుకుంది. 1919లో ఇంగ్లండ్ వెళ్లిపోదామని బయల్దేరారు కానీ, దారిలో పిల్లలిద్దరికీ జబ్బు చేయడంతో కాలిఫోర్నియాలో దిగాల్సి వచ్చింది. తండ్రి మళ్లీ జపాన్ వెళ్లిపోయాడు. తల్లీపిల్లలు సారటోగా అనే చిన్న ఊళ్లో ఉండిపోయారు. పిల్లల జబ్బు కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే హాలీవుడ్‌కు ఇద్దరు ఆస్కార్ నాయికలు తగ్గిపోయేవాళ్లు!

★ అమెరికా అంతర్యుద్ధం కథగా తీసిన 'గాన్ విత్ ద విండ్'లో నలుగురు ముఖ్య తారలుంటే, తీసేనాటికి వాళ్లలో అమెరికన్ క్లార్క్ గేబుల్ ఒక్కడే. మిగతా ముగ్గురూ బ్రిటిష్ పౌరులు. స్కార్లెట్ వేసిన వివియన్ లీ పుట్టింది మన డార్జిలింగ్‌లో, మెలనీ వేసిన ఒలీవియా పుట్టింది టోక్యోలో. ఒలీవియా అమెరికా పౌరసత్వం తీసుకున్నది 1941 నవంబరు 28న. సరిగ్గా తొమ్మిది రోజులకు పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి.

★ డి హావిలాండ్ అన్న ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా మోసుకొచ్చిన చిన్న విమానం పేరు డి హావిలాండ్ పుస్ మాత్. ఆ విమానాల కంపెనీ పెట్టిన జెఫ్రీ డి హావిలాండ్ ఒలీవియాకు తండ్రి వైపు చుట్టం.

★ సినిమాల్లోకి రావాలని ఆవిడ అనుకోలేదు. కాలేజీలో చేరి టీచరు కావాలన్నది ఆలోచన. 1934 వేసవిలో ప్రఖ్యాత దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ హాలీవుడ్ బౌల్‌లో 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకం వేయించాడు. అందులో హెర్మియా పాత్రధారికి ఏదైనా అడ్డమొస్తే ఆదుకోవడానికి ఒకమ్మాయి, ఆ అమ్మాయికీ అడ్డమొస్తే ఆదుకోవడానికి ఇంకొకమ్మాయి. ఆ ఇంకొకమ్మాయే ఒలీవియా. ముందున్న ఇద్దరికీ సినిమా పనులు తగలడంతో పద్దెనిమిదేళ్ల పిల్ల తిన్నగా వేదిక ఎక్కేసింది. అదే నాటకాన్ని వార్నర్ బ్రదర్స్ సినిమాగా తీస్తూ ఆమెనే తీసుకుంది. ఇంతకీ అసలు పాత్ర వదులుకుని వెళ్లిన నటి ఎవరనుకున్నారు? గ్లోరియా స్టువార్ట్. అరవై మూడేళ్ల తర్వాత 'టైటానిక్'లో ముసలి రోజ్‌గా కనిపించింది ఆవిడే.

★ ఎరోల్ ఫ్లిన్‌తో కలిసి ఎనిమిది సినిమాలు చేసింది. కత్తియుద్ధాల కథానాయకుడికి ఆ రోజుల్లో ఆమే జోడీ. వాటిలో 1938 నాటి 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' ఇప్పటికీ రంగు చెదరని సినిమా. అందులో ఆమె ఎక్కి తిరిగిన బంగారు వన్నె గుర్రం పేరు గోల్డెన్ క్లౌడ్. తర్వాత దాన్ని కౌబాయ్ నటుడు రాయ్ రోజర్స్ కొనుక్కుని ట్రిగ్గర్ అని పేరు మార్చాడు. చాలామంది నటుల కంటే ఆ గుర్రమే ఎక్కువ పేరు తెచ్చుకుంది.

★ ఫ్లిన్‌తో చేసినవాటిలో ఇంకోటి 'ది చార్జ్ ఆఫ్ ద లైట్ బ్రిగేడ్', 1936లో వచ్చింది. కథలో సగం ఇండియాలో జరుగుతుంది. సూరత్ ఖాన్ అనే కల్పిత నవాబు, సూరిస్తాన్ అనే కల్పిత రాజ్యం. తీసిందంతా కాలిఫోర్నియాలోనే. చరిత్ర మాట ఎత్తకుండా చూస్తే కాలక్షేపానికి ఢోకా లేదు.

★ మెలనీ పాత్ర ఊరికే దక్కలేదు. నిర్మాత సెల్జ్‌నిక్ ఆమె కావాలన్నాడు, ఆమెను గుప్పిట్లో పెట్టుకున్న స్టూడియో అధిపతి జాక్ వార్నర్ పంపనన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. అప్పుడు ఒలీవియా ఏం చేసిందంటే, వార్నర్‌కు తెలియకుండా ఆయన భార్య యాన్‌ను టీకి పిలిచి గోడు వెళ్లబోసుకుంది. ఇంట్లోంచి సిఫార్సు వచ్చాక ఏ మగాడైనా ఎన్నాళ్లని బిగదీసుకుంటాడు!

షూటింగ్ మొదలైన కొద్ది వారాలకే దర్శకుడు జార్జ్ క్యూకర్‌ను తీసేసి విక్టర్ ఫ్లెమింగ్‌ను పెట్టారు. క్యూకర్ ఉండాలని ఒలీవియా, వివియన్ లీ ఇద్దరూ వెళ్లి పట్టుబట్టినా లాభం లేకపోయింది. ఆ తర్వాత ఒలీవియా సెలవు రోజుల్లో గుట్టుగా క్యూకర్ ఇంటికెళ్లి సీన్లు దిద్దించుకునేది. వివియన్ కూడా అదే పని చేస్తోందని ఆమెకు అప్పట్లో తెలియదు. కన్నీళ్లు పెట్టుకుంటే తన మగతనానికి మచ్చ వస్తుందని మొరాయించిన గేబుల్‌ను, మెలనీ ముందు అతని పాత్ర రెట్ కుమిలిపోయే సీన్లో ఏడవడానికి ఒప్పించింది కూడా ఒలీవియానే. ఆ ఏడుపు లేకపోతే ఆ సీనే లేదు.

ఆ సినిమాకు ఆమెకు సహాయనటి నామినేషన్ వచ్చింది కానీ, అవార్డు అదే సినిమాలో మామీ వేసిన హాటీ మెక్‌డేనియల్‌కు దక్కింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటి ఆవిడ. ఆ రాత్రి విందులో తన తోటి తారల బల్ల దగ్గర కాకుండా విడిగా వేసిన బల్ల దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. ఆ గెలుపే న్యాయం.

★ ఇక అసలు కథ. ఆ రోజుల్లో హాలీవుడ్ నటులు వారం జీతాల మీద స్టూడియోలకు రాసిచ్చిన మనుషులు. మన మద్రాసులోనూ ఒకప్పుడు విజయా వారి దగ్గర నటులు నెల జీతాలకు పనిచేశారు కనుక ఈ పద్ధతి తెలుగువాళ్లకు మరీ వింతేం కాదు. కానీ అమెరికాలో ఓ మెలిక ఉండేది. ఒలీవియా 1936లో వార్నర్‌తో ఏడేళ్లకు ఒప్పందం చేసుకుంది, వారానికి 500 డాలర్లతో మొదలు. స్టూడియో ఏ వేషమిస్తే అది వేయాలి. కాదంటే సస్పెన్షన్. జీతం ఆగుతుంది. ఇంకో స్టూడియోలో పని చేయకూడదు. అన్నిటికంటే ఘోరమేమిటంటే, ఆగిన రోజులన్నీ లెక్కగట్టి ఒప్పందం చివర కలిపేస్తారు. ఎదురు తిరిగిన కొద్దీ బేడీలు పొడుగవుతాయన్నమాట!

బయటి స్టూడియోలకు అరువు వెళ్లి చేసిన సినిమాలతో ఆమెకు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. సొంత స్టూడియోలో మాత్రం హీరో పక్కన సిగ్గుపడుతూ నిలబడే వేషాలే. కొన్నిటికి కుదరదంది, సస్పెండయింది. 1943లో ఏడేళ్లూ నిండాయి, హమ్మయ్య అనుకునేలోపు స్టూడియో చావు కబురు చల్లగా చెప్పింది, ఇంకా ఆర్నెల్లు బాకీ ఉన్నావని.

అంతకుముందు 1936లో నటి బెట్టీ డేవిస్ అంతటి మొండిఘటం ఇదే వార్నర్‌తో ఇంగ్లండ్ కోర్టులో తలపడి ఓడిపోయింది. అది తెలిసీ ఒలీవియా వెనక్కి తగ్గలేదు. ఆమె వకీలు మార్టిన్ గ్యాంగ్ కాలిఫోర్నియా కార్మిక చట్టంలో 2855వ సెక్షన్ చూపించాడు. సొంత కష్టం మీద ఆధారపడ్డ ఏ ఒప్పందాన్నీ ఏడేళ్లకు మించి అమలు చేయకూడదని అందులో ఉంది. ఏడేళ్లంటే నిజంగా పనిచేసిన రోజులు కలిపితే ఏడేళ్లు కావాలని స్టూడియో వాదన. ఏడేళ్లంటే గోడమీది క్యాలెండర్ చెప్పే ఏడేళ్లేనని ఆమె వాదన. 1943 ఆగస్టులో దావా వేస్తే ఆ నవంబరులోనే కింది కోర్టులో గెలిచింది. వార్నర్ అప్పీలుకు వెళ్లాడు. 1944 డిసెంబరులో అక్కడా ఆమెదే గెలుపు. 1945 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇక వినేది లేదనడంతో కథ ముగిసింది.

ఇదంతా చెప్పుకోవడానికి నాలుగు మాటల్లో అయిపోయింది కానీ, కేసు నడిచినంత కాలం ఆమెకు పని లేదు. ఎవరూ వేషం ఇవ్వకూడదని జాక్ వార్నర్ స్టూడియోలన్నింటికీ ఉత్తరాలు పంపాడు. దాదాపు రెండేళ్లు స్టూడియో గడప తొక్కలేదు. పాతికేళ్లు దాటిన హీరోయిన్‌కు రెండేళ్లంటే ఎంతో ఆ వ్యాపారం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో కూర్చోకుండా సైనికాసుపత్రులు తిరిగింది. అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల నుంచి దక్షిణ పసిఫిక్ దాకా వెళ్లి గాయపడ్డ సిపాయిలను పలకరించింది. అక్కడే న్యుమోనియా పట్టుకుని తనూ ఆసుపత్రి మంచమెక్కింది.

ఆ తీర్పును ఇప్పటికీ 'డి హావిలాండ్ లా' అనే పిలుస్తారు. 2008లో థర్టీ సెకండ్స్ టు మార్స్ బ్యాండ్ మీద ఈఎంఐ కంపెనీ 3 కోట్ల డాలర్లకు దావా వేసినప్పుడు గాయకుడు, నటుడు జారెడ్ లెటో ఈ సెక్షన్నే అడ్డం పెట్టుకున్నాడు. గొడవ సద్దుమణిగాక ఆవిడకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. నా మట్టుకు ఆమె రెండు ఆస్కార్లూ ఒక ఎత్తు, ఈ కేసు ఒక్కటీ ఒక ఎత్తు.

★ కట్లు తెగాక ఆమె ఏం చేయగలదో లోకం చూసింది. 'టు ఈచ్ హిస్ ఓన్'లో పడుచుపిల్లగా మొదలై నడివయసు దాకా సాగే తల్లి పాత్ర. ఒక్కో వయసుకు ఒక్కో సెంటు రాసుకుని సెట్లోకి వచ్చేదట, గొంతును కూడా మెట్టు మెట్టుగా దించుకుంటూ పోయింది. దానికి మొదటి ఆస్కార్. 'ది స్నేక్ పిట్' కోసం మానసిక చికిత్సాలయాలకు వెళ్లి రోగులను దగ్గర నుంచి గమనించింది. అందంగా కనిపించాలన్న ధ్యాసే లేకుండా, చిక్కిన మొహంతో, చెదిరిన జుట్టుతో నటించింది. 1948లో ఒక హీరోయిన్ అలా కనిపించడం చిన్న విషయం కాదు.

1949లో వచ్చిన 'ది ఎయిరెస్' రెండో ఆస్కార్ తెచ్చింది. బ్రాడ్‌వేలో ఆ నాటకం చూసి, దీన్ని మీరే తీయాలని దర్శకుడు విలియం వైలర్‌ను పురమాయించింది తనే. ప్రేమికుడు మోసం చేశాడని తెలిశాక పెట్టె పట్టుకుని మెట్లెక్కే సీన్ ఉంది. ఎన్నిసార్లు తీసినా వైలర్‌కు నచ్చలేదు. చివరికి పెట్టె ఖాళీగా ఉందని కనిపెట్టి, నిండా పుస్తకాలు కుక్కించాడంటారు. తెర మీద చూడండి, ఒక్కో మెట్టుకూ ఆ బరువు భుజంలోనూ ఉంటుంది, మొహంలోనూ ఉంటుంది.

★ చెల్లెలు జోన్ ఫాంటేన్ కూడా పెద్ద తారే. అక్క పేరు వాడుకోవద్దని ఇంట్లో అనడంతో మారుతండ్రి ఇంటిపేరు పెట్టుకుంది. 1942 ఆస్కార్ రాత్రి ఉత్తమ నటి పోటీలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్నారు. హిచ్‌కాక్ 'సస్పిషన్'కు చెల్లెలు గెలిచింది. 1947లో అక్క గెలిచినప్పుడు అభినందించడానికి చెల్లెలు చేయి చాస్తే, అక్క మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ క్షణాన్ని ఓ ఫొటోగ్రాఫర్ పట్టేశాడు. తన అప్పటి భర్త మీద చెల్లెలు వేసిన జోకు ఆమెకు కడుపులో ఉండిపోయిందట. 1975లో తల్లి పోయాక మాటలే లేవు. 2013లో జోన్ 96 ఏళ్ల వయసులో పోయింది. ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్న అక్కాచెల్లెళ్లు ఇప్పటికీ వీళ్లిద్దరే.

★ 1950ల నుంచి ఆవిడ కాపురం పారిస్‌లో. 'పారీ మాచ్' పత్రిక సంపాదకుడు పియర్ గలాంట్‌ను 1955లో పెళ్లాడింది. ఫ్రెంచివాళ్ల మధ్య తన అవస్థల మీద 1962లో ఓ సరదా పుస్తకం రాసింది. పేరు 'ఎవ్రీ ఫ్రెంచ్‌మన్ హాజ్ వన్'. ప్రతి ఫ్రెంచివాడికీ ఒకటుంటుంది అంటే ఏమిటో అనుకునేరు, కాలేయం! ఒంట్లో ఏం నలతొచ్చినా వాళ్లు తప్పంతా దాని మీదకే నెట్టేస్తారని ఆవిడ ఎత్తిపొడుపు.

★ 1965లో కాన్ చలనచిత్రోత్సవ జ్యూరీకి అధ్యక్షురాలైంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమే.

★ 2017 జూన్‌లో బ్రిటన్ రాణి ఆమెకు డేమ్ బిరుదు ఇచ్చింది. అంత పెద్ద వయసులో ఆ గౌరవం అంతకుముందు ఏ మహిళకూ దక్కలేదు. అదే నెలాఖరున, పుట్టినరోజుకు ముందురోజు, ఎఫ్ఎక్స్ చానల్ మీద దావా వేసింది. 'ఫ్యూడ్' సీరియల్‌లో కేథరిన్ జీటా జోన్స్ వేసిన తన పాత్ర చేత, చెల్లెల్ని తాను ఎన్నడూ అనని బూతుమాట అనిపించారని అభియోగం. తన అనుమతి లేకుండా తన పేరు వాడుకున్నారన్నది మరో అభియోగం. ఈసారి ఓడిపోయింది. 2018 మార్చిలో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు చానల్ పక్షాన తీర్పిచ్చింది. అప్పటికీ ఊరుకోకుండా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2019 జనవరిలో అక్కడా తలుపు తెరుచుకోలేదు. తీర్పు సరైనదేనని నాకనిపిస్తుంది, లేకపోతే బతికున్న మనిషి మీద కథలు రాయడమే కష్టం. కానీ నూటొక్కేళ్ల వయసులో ఆ పౌరుషం ఎంతమందికి ఉంటుంది?

★ 2020 జులై 26న పారిస్‌లోని తన ఇంట్లో నిద్రలోనే కన్నుమూసింది. వయసు 104. 'గాన్ విత్ ద విండ్' నలుగురు ప్రధాన తారల్లో కథలో చనిపోయేది మెలనీ వేసిన ఒలీవియా పాత్ర ఒక్కటే. మిగతా ముగ్గురూ 1967కల్లా వెళ్లిపోతే, ఆ తర్వాత యాభై మూడేళ్లు బతికింది ఒలీవియానే.

ఆవిడ సినిమా ఒక్కటీ చూడనివాళ్లు మెలనీతో మొదలుపెట్టకండి. ముందు 'ది ఎయిరెస్' చూడండి.