సుశ్రుతుడు వద్దన్న శుక్లాలు – నేటి లేజరు శస్త్రచికిత్స

"శస్త్రం తగలకుండా కంటి శుక్లాలను కరిగించే మందు ఆయుర్వేదంలో లేదా?" అని పాఠక మహాశయులు తరచుగా అడుగుతూ ఉంటారు. సమాధానం ముందే మనవి చేస్తాను. ఏర్పడిన శుక్లాన్ని కరిగించే చుక్కలు గాని, లేహ్యం గాని, ఘృతం గాని లేవు. ఇది ఆధునిక వైద్యుల మాట మాత్రమే కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం 17వ అధ్యాయంలో కఫజ లింగనాశానికి ఆచార్యుడు విధించినది శస్త్రకర్మనే. యవగింజ మొన వంటి మొన గల శలాకతో మసకబారిన భాగాన్ని చూపు దారి నుండి తొలగించే విధానం అక్కడ సవివరంగా ఉన్నది.

ఆ శలాకా విధానం నేడు ఆచరణీయం కాదు. అయితే ఆ అధ్యాయంలోని ఒక హెచ్చరిక మాత్రం నేటికీ శిరోధార్యం.

శాస్త్రం చెప్పిన హెచ్చరిక

అన్ని శుక్లాలూ ఒక తీరున ఉండవని సుశ్రుతుడు గుర్తించినాడు. అర్ధచంద్రుని వలె గాని, చెమట బిందువు వలె గాని, ముత్యం వలె గాని కనిపించేవి, ఎగుడుదిగుడుగా ఉన్నవి, నడుమ పలుచబడినవి, చారలు గలవి, పలు కాంతులు గలవి శస్త్రకర్మకు తగవని వర్ణించినాడు. వాటిని నేటి రోగాల పేర్లతో సరిపోల్చి, ఇదే అది అని వాదించటం నా ఉద్దేశం కాదు. శస్త్రం పట్టే ముందు శుక్లం ఆకృతిని పరీక్షించాలన్నదే అందులోని సారం.

పద్నాలుగేళ్ళ వయస్సులో గురువుగారి ఎదుట కూర్చుని ఈ అధ్యాయం వల్లె వేసినవాడను నేను. అయినా ఒకసారి దానిని మరచినాను.

నేను చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి పదహారేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. "శాస్త్రిగారూ, ఏడాదిలో మూడుసార్లు అద్దాలు మార్చాము. అయినా బోర్డు మీది అక్షరాలు కనబడటం లేదంటున్నాడు" అన్నది. కుర్రవాడు వయస్సుకు మించిన పొడగరి, బక్కపలుచని వాడు, వేళ్ళు బాగా పొడవు. నేను నాడి చూచి, తిమిరమని భావించి, త్రిఫలా ఘృతం ఇచ్చినాను. నాలుగు నెలలు వాడించినాను.

ఒక సాయంకాలం ఆ అబ్బాయి దీపం వైపు తల తిప్పినప్పుడు కంటిపాపలో ఒక వంపు గీత మెరిసినది. కటకం అంచు అది. చూపు కదిలినప్పుడల్లా నల్లగుడ్డు సన్నగా వణుకుతున్నది. అర్ధచంద్రాకృతి! చిన్ననాడు వల్లించిన శ్లోకం అప్పుడు గుర్తుకు వచ్చినది. "అమ్మా, ఇది నా మందుతో నయమయ్యేది కాదు. రేపే కంటి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళు" అన్నాను.

అక్కడి వైద్యులు కటకం స్థానం తప్పినదనీ, దానికి మూలం మార్ఫాన్ అనే పుట్టుకతో వచ్చే వ్యాధి అనీ తేల్చినారు. గుండె పరీక్ష చేయించగా, గుండె నుండి బయలుదేరే మహాధమని మొదలు వెడల్పయి ఉన్నది. ఆ ధమని చీలితే ప్రాణానికే ముప్పు. వెంటనే గుండెకు మందులు ఆరంభించినారు. నేను పోగొట్టిన నాలుగు నెలల్లో ఏమి జరిగి ఉండేదో తలచుకొంటే నేటికీ నా మనస్సు కలత చెందుతుంది.

గుండె వైద్యుల అనుమతి పొందిన తరువాత ఆ అబ్బాయి కళ్ళకు లేజరు సాయంతో శస్త్రచికిత్స జరిగినది.

లేజరు చేసే పని

కటకం ఒక పలుచని పొరలో ఇమిడి, చుట్టూ సన్నని తంతువులతో కంటిలో వ్రేలాడుతూ ఉంటుంది. శస్త్రవైద్యుడు ఆ పొర ముందు భాగంలో సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రని ద్వారం తెరచి, లోపలి శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చివేసి, అదే పొరలో కృత్రిమ కటకాన్ని అమరుస్తాడు. కృత్రిమ కటకాన్ని 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదట అమర్చినాడు. శ్రుత్యతీత తరంగాలతో శుక్లాన్ని ముక్కలు చేసే ఫేకో పద్ధతిని 1967లో అమెరికాలో చార్లెస్ కెల్‌మన్ ఆరంభించినాడు.

ఫెమ్టోసెకండు లేజరును శుక్లాల చికిత్సలో 2008లో బుడాపెస్ట్ నగరంలో జోల్టాన్ నాగీ తొలిసారిగా ప్రయోగించినాడు. సెకండులో వంద లక్షల కోట్లవ వంతును పది భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకండు. అంత స్వల్పకాలపు కాంతి తునకలు, కంటి లోపలి చిత్రాన్ని ఆధారం చేసుకొని, గుండ్రని ద్వారాన్ని కోస్తాయి. శుక్లాన్ని కొంతవరకు ముక్కలుగా విభజిస్తాయి. పీల్చివేయటం, కటకం అమర్చటం మాత్రం వైద్యుని చేతిలోనే ఉన్నవి. "లేజరు అంటే కోత లేదు" అనుకోవటం పొరపాటు.

ఏ కటకానికి ఎంత మేలు?

స్థానం తప్పిన కటకం: చేతితో పొరను చీల్చాలంటే తంతువులు గట్టిగా పట్టి నిలపాలి. అవి బలహీనమైతే కటకమే కదలిపోతుంది. లేజరు పొరను లాగకుండానే కోస్తుంది గనుక ఇక్కడ ఉపకరిస్తుంది. పొరకు ఆసరాగా ప్రత్యేకమైన ఉంగరం కూడా అమర్చవలసి రావచ్చు. కటకం మరీ ప్రక్కకు జారితే లేజరుకు అందదు.

పాలవలె తెల్లబడి ఉబ్బిన శుక్లం: లోపలి ఒత్తిడి వలన, గిల్లగానే పొర అంచు దాకా చీలిపోవచ్చు. నీలి రంగు అద్దిన పొర నడుమ తెల్లని చార అర్జెంటీనా జెండా వలె కనిపిస్తుంది గనుక వైద్యులు ఆ చీలికకు ఆ పేరే పెట్టినారు. లేజరు ఈ ప్రమాదాన్ని తగ్గించగలదు. కాని పాలవంటి ద్రవం అడ్డుపడితే కోత అసంపూర్తిగా మిగలవచ్చు.

వెనుక ధ్రువ శుక్లం: కటకం వెనుక పొర పుట్టుక నుండే పలుచగా ఉండవచ్చు. లేజరు పుట్టించే వాయుబుడగలు ఆ పొరను చీల్చే భయం ఉన్నది. ఇక్కడ యంత్రం కన్న వైద్యుని అనుభవమే ప్రధానం.

శంఖువు వలె ముందుకు పొడుచుకొచ్చిన కటకం: ఇది ఆల్పోర్ట్ వ్యాధికి గుర్తు కావచ్చు. ఆ వ్యాధిలో మూత్రపిండాలు, వినికిడి కూడా దెబ్బతింటాయి. కంటితో పాటు మూత్ర పరీక్ష తప్పనిసరి.

సాధారణ శుక్లాల మాట వేరు. 2020లో ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల నుండి వెలువడిన రెండు పెద్ద పరిశీలనలు ఫేకో కన్న లేజరు మిన్న అని నిరూపించలేకపోయినవి. కనుక అందరూ అదనపు వ్యయానికి పూనుకోనవసరం లేదు.

గృహస్థులు గమనించవలసినవి

1. పిల్లలకు, యువకులకు అద్దాల నంబరు త్వరత్వరగా మారుతుంటే, ఒక కన్నుతో చూచినా వస్తువు రెండుగా కనబడుతుంటే, కంటిపాపను పెద్దది చేసి పరీక్షించమని అడగండి.

2. మార్ఫాన్ వ్యాధి అని తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా పరీక్ష అవసరం. తల్లికి గాని తండ్రికి గాని ఈ వ్యాధి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉన్నది.

3. "నా కటకం ఆకృతి, పట్టు ఎట్లా ఉన్నవి? లేజరు నాకు ఎందుకు?" అని వైద్యుని నిస్సంకోచంగా ప్రశ్నించండి.

4. పురుషులు మూత్రగ్రంథి వాపునకు టామ్సులోసిన్ వాడుతున్నా, లోగడ వాడినా ముందే చెప్పాలి. దాని వలన శస్త్రచికిత్సలో నల్లగుడ్డు సడలుతుంది.

5. శస్త్రచికిత్స జరిగిన కంటిలో తేనె, ఆముదం, చనుబాలు, త్రిఫలా జలం ఏవీ వేయరాదు. వైద్యుడిచ్చిన చుక్కలే వాడాలి.

6. గట్టిగా దగ్గటం, ముక్కటం, తల వంచి బరువులెత్తటం కొంతకాలం మానండి. దగ్గు, తుమ్ములను గురించి సుశ్రుతుడు కూడా ఇట్లే హెచ్చరించినాడు. మలబద్ధకం లేకుండా పాలకూర, తోటకూర, పెసరకట్టు, బాగా మగ్గిన అరటిపండు వంటి తేలిక ఆహారం తీసుకోండి. మధుమేహులు చక్కెరను అదుపులో ఉంచుకోండి.

ఆ అబ్బాయి నేడు ఉద్యోగం చేస్తున్నాడు. ఏటేటా గుండె పరీక్ష చేయించుకొంటున్నాడు. పండుగలకు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను ముందుగా అతని కళ్ళలోకే చూస్తాను. అప్పటి నుండి చూపు మందగించినదని వచ్చే ప్రతి బిడ్డనూ దీపం వైపు తల తిప్పించి చూచిన తరువాతనే నాడి పట్టుకొంటున్నాను.