పండగ మర్నాటి మాంసకృత్తులు

పండగకి ఇంటికెళ్ళి తిరిగొచ్చిన హాస్టలు విద్యార్థిని గుర్తుపట్టటం చాలా తేలిక. ఒక చేతిలో పుస్తకాల సంచీ, రెండో చేతిలో అంతకంటే బరువైన ఇంకో సంచీ. ఆ రెండో సంచీలో అరిసెలు, జంతికలు, చక్కిలాలు ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు. అవి గదికి చేరిన మూడో రోజుకి డబ్బా అడుగు కనిపిస్తుంది. నాలుగో రోజు నించి మళ్ళీ మెస్సులో తెల్లన్నం, నీళ్ళచారు, ఊరగాయ!

ఈ వ్యాసం ఆ సంచీలోకి ఎక్కని వాటి గురించి. పండగ నాడు వండి, అందరూ తినగా మిగిలి, మర్నాడు వంటింట్లో ఏ గిన్నెలోనో ఉండిపోయే ముద్దపప్పు, గారెలు, రుబ్బిన పిండి, నానిన శనగలు, పూర్ణం కోసం ఉడికించిన పప్పు ... నిజం చెప్పాలంటే పండగ భోజనంలో మన ఒంటికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేవి ఇవే. వాటినే మనం పారేస్తున్నాం, లేదా పాడుచేసుకుని తింటున్నాం.

లెక్క ఏమిటి?

పేరును బట్టి మాంసకృత్తులు మాంసంలోనే ఉంటాయని చాలామంది అనుకుంటారు. మన పప్పుల్లో ఉన్నన్ని మాంసకృత్తులు అదే బరువు మాంసంలో ఉండవంటే ఆశ్చర్యపోతారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన తిండిగింజలన్నిటినీ విశ్లేషించి పట్టికలు వేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల మినప్పప్పులో సుమారు 24 గ్రాములు, కందిపప్పులో 22, శనగపప్పులో 21, వేరుశనగ గింజల్లో 25 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలోనో, ఏడు గ్రాములు.

మనకు కావలసినదెంత? 2020లో భారత వైద్య పరిశోధనా మండలి, ఈ సంస్థ కలిసి చెప్పిన లెక్క ప్రకారం 65 కిలోల పురుషుడికి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. రోజుకి 350 గ్రాముల బియ్యం వండుకు తిన్నా వచ్చేది పాతిక గ్రాములే. మిగతాది పప్పు నించో, పెరుగు నించో, గుడ్డు నించో రావాలి. మెస్సు పప్పులో పప్పు కోసం గరిటె పెట్టి వెతికిన వాళ్ళకి ఈ లోటు సంగతి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. బియ్యంలో లైసిన్ అనే ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, అది బియ్యంలోనూ, నువ్వుల్లోనూ బాగా ఉంది. ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. పప్పూ అన్నం కలుపుకు తినటం, మినప్పప్పులో బియ్యం కలిపి రుబ్బటం మన పెద్దవాళ్ళు ఏ పట్టికలూ చూడకుండానే కనిపెట్టారు.

వాయనం శనగలు

శ్రావణమాసం వచ్చిందంటే పేరంటాలకు వెళ్ళొచ్చిన ఆడవాళ్ళ సంచుల్లో తాంబూలంతోపాటు నానిన శనగలు. నాలుగిళ్ళ వాయనాలు ఒకచోట పోస్తే గిన్నెడవుతాయి. రెండో రోజుకి జిగురొస్తాయి, మూడో రోజుకి పశువుల తొట్టిలోకి పోతాయి.

అలా పోనివ్వకూడదు. ఇంటికి రాగానే ఆకులు, వక్కలు ఏరేసి, పసుపు కుంకుమ పోయేలా మూడుసార్లు కడగండి. ఆ రాత్రికే ఉప్పేసి మెత్తగా ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తిరగమోత పెడితే గుగ్గిళ్ళు. కడుపుబ్బరం అనేవాళ్ళు కాస్త అల్లం కూడా వేసుకోవచ్చు. దించాక నిమ్మకాయ పిండటం మరిచిపోవద్దు. శనగల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మరసంలోని సి విటమిన్ తోడ్పడుతుంది. 50 గ్రాముల పొడి శనగలకు సరిపడే గుగ్గిళ్ళు తింటే తొమ్మిది గ్రాముల మాంసకృత్తులు వచ్చినట్టే. సాయంత్రం క్యాంటీనులో రెండు సమోసాలకి పెట్టే డబ్బుతో దీన్ని పోల్చి చూసుకోండి.

అన్నీ ఒక్కరోజే తినలేకపోతే సగం తడిగుడ్డలో మూట కట్టండి. ఒకటి రెండు రోజుల్లో మొలకలొస్తాయి, వాటిని ఉడికించి తినాలి. ఇంకా మిగిలితే ఎండలో బాగా ఆరబెట్టి, మూకుట్లో సన్నసెగ మీద కరకరలాడేదాకా వేయించి, ఉప్పూ కారం చల్లి సీసాలో పోసుకోండి. గదికి తెచ్చుకోవటానికి ఇంతకన్నా మంచి సరుకు లేదు.

గారెలూ, గారెల పిండీ

కనుమ నాడు మినుము తినాలంటారు. తినాలి గానీ, నూనెలో వేగిన గారెలే తినాలని ఎవరూ అనలేదు. రుబ్బిన పిండి మిగిలితే మర్నాడు కూడా బాణలి పెట్టక్కర్లేదు. అందులో నానబెట్టిన ఇడ్లీ రవ్వ కలిపి, మందపాటి గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి, పిండి పరిచి, మూతపెట్టి సన్నసెగ మీద కాల్చితే మినపరొట్టె. అడుగు ఎర్రగా, పైన మెత్తగా వస్తుంది. గుంతల పెనం ఉంటే పొంగణాలు వేసుకోవచ్చు. పిండి రాత్రికి రాత్రి కాస్త పులిసినా భయం లేదు, ఇడ్లీ పిండి పులిసేదీ అలాగే. అయితే ఉల్లిపాయలు, పచ్చిమిర్చి కలిపేసిన పిండిని మాత్రం దాచవద్దు.

వేసిన గారెలు మిగిలితే గోరువెచ్చని నీళ్ళలో ముంచి, మెల్లిగా పిండి, తిరగమోత పెట్టిన పెరుగులో వెయ్యండి. నీళ్ళలో కొంత నూనె వదులుతుంది, పెరుగుతో ఇంకాస్త మాంసకృత్తులు చేరతాయి. ఆవడల రుచి సంగతి నేను చెప్పేదేముంది!

ముద్దపప్పు, పూర్ణం పప్పు

చల్లారి గట్టిపడిన ముద్దపప్పుని చూస్తే ఎవరికీ తినబుద్ధి కాదు. దాన్ని గోధుమపిండిలో వేసి, జీలకర్ర, కొత్తిమీర, కారం చేర్చి కలపండి. పప్పులో తడి ఉంటుంది కాబట్టి నీళ్ళు చూసుకుని పొయ్యాలి. చపాతీలు మెత్తగా వస్తాయి. బియ్యప్పిండితో కలిపి, నువ్వులు, వేరుశనగ గింజలు వేసి పెనానికి అద్దితే తెలంగాణ సర్వపిండికి దగ్గరి చుట్టం. బియ్యం, పప్పు, నువ్వులు మూడూ ఒకే రొట్టెలో! పైన చెప్పిన అమైనో ఆమ్లాల లెక్క దీంతో సరిపోతుంది.

బొబ్బట్లకి, బూరెలకి ఉడికించిన శనగపప్పుని బెల్లం వెయ్యకముందే ఒక గిన్నెడు పక్కకి తీసిపెట్టుకోవాలి. ఉల్లిపాయ, అల్లం, మిర్చి కలిపి బిళ్ళలుగా చేసి పెనం మీద కాల్చుకుంటే సాయంత్రానికి మంచి ఫలహారం. పప్పు వార్చిన కట్టుతో చారు కాచుకోవచ్చు. బెల్లం పడ్డాక సంగతి వేరు. పూర్ణంలో పప్పుతో సమానంగా బెల్లం ఉంటుంది. నాలుగు బూరెలు తిని మాంసకృత్తులు తిన్నామని మనల్ని మనం మభ్యపెట్టుకోవద్దు.

ఎంతసేపు దాచవచ్చు?

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. ఒక సంక్రాంతికి మాలో ఒకడు వేడివేడి గారెలు మూతబిగించిన డబ్బాలోనూ, కొబ్బరి పచ్చడి సీసాలోనూ తెచ్చాడు. రాత్రంతా రైలు ప్రయాణం. మర్నాడు మధ్యాహ్నం మూత తీస్తే లోపలంతా చెమ్మ. "కాస్త వాసనొస్తోంది గానీ వేడిచేస్తే పోతుందిలేరా" అన్నాడు. వేడిచేశాం, తిన్నాం. సాయంత్రానికి ఇద్దరికి వాంతులు. అందులో ఒకడికి మర్నాటి ప్రాక్టికల్ పరీక్ష పోయింది, దాంతో ఏడాది పోయింది.

వేడిచేస్తే అన్నీ పోతాయన్నది పొరపాటు. అన్నంలోనూ, పప్పుల్లోనూ పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వండింది గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం తిరిగి మరిగించినా విరగదు. 5 డిగ్రీల నించి 60 డిగ్రీల దాకా వేడి ఉన్నంతసేపూ ఇలాంటి జీవులకు పండగే. పులిహోర కొంచెం ఎక్కువసేపు ఆగేది చింతపండు పులుపు వల్ల. దానికీ హద్దుంది.

కాబట్టి రెండు గంటల్లోపు మిగిలినదాన్ని వెడల్పాటి పళ్ళెంలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటే తినెయ్యాలి, పక్కవాళ్ళకి పెట్టాలి, లేదా వేయించి తేమ పోగొట్టాలి. పచ్చి కొబ్బరి పడ్డదేదీ ప్రయాణానికి పనికిరాదు. జిగురు, వాసన, రంగు మార్పు, ఏది కనిపించినా పారెయ్యటమే. ఏ తేడా కనబడనంత మాత్రాన మంచిదని నమ్మటానికీ లేదు, విషానికి వాసన ఉండదు.

ఎవరు తినాలి?

చివరిగా ఒక్కమాట. మనిళ్ళల్లో మిగిలినది ఎవరు తింటారో ఒకసారి గుర్తుచేసుకోండి. "పారేస్తే పాపంరా, నేను తినేస్తాలే" అంటూ మూడోనాటి పప్పు, అడుగంటిన అన్నం మా అమ్మ తినటం నేను చూస్తూ పెరిగాను. మీరూ చూసే ఉంటారు. తాజా గారెలు మనకీ, పాచిపోయిన పిండి ఆమెకీ. మాంసకృత్తుల లెక్క ఆమెకీ వర్తిస్తుంది, సూక్ష్మజీవుల లెక్కా వర్తిస్తుంది. ఆ రెంటిలో మనం ఆమెకి వదిలేస్తున్నది రెండోదే.

ఈసారి పండగకి వెళ్ళినప్పుడు భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుని పడక్కుర్చీలో కూలబడకుండా ఒకసారి వంటింట్లోకి వెళ్ళండి. గిన్నెలు చూడండి. చల్లార్చవలసినవి చల్లార్చండి, మర్నాడు పొద్దున్న మీరే పెనం పెట్టండి. రొట్టె మొదటి ముక్క వేడిగా అమ్మ పళ్ళెంలో వేసి, ఆమె తిన్నాకనే మీ సంచీ సర్దుకోండి.