మత్తు నిచ్చు నర్సుల విద్య

శస్త్రచికిత్స యనినంతనే మన తోటల లైనులలో అందఱును కత్తిపట్టు డాక్టరుగారినే తలంతురు. రోగి తలయొద్ద నిలిచి మత్తుమందు నిచ్చి, ఊపిరిని నాడిని కనిపెట్టుచు, పని ముగిసిన పిమ్మట రోగిని మరల మేల్కొలుపువారిని తలంచుట యరుదు. అమెరికా దేశమున ఈ పనిని డాక్టరులే గాక నర్సులును చేయుచున్నారు. 1877వ సంవత్సరమున పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణమున సేవచేసిన సిస్టర్ మేరీ బెర్నార్డు అను కన్యాస్త్రీ వీరిలో మొదటిదని చెప్పుదురు. తరువాత మేయో సోదరుల యాసుపత్రిలో ఆలిస్ మేగా యను నర్సు 14,000 మందికి మత్తు నిచ్చి, మందువలన ఒక్కరైనను చావలేదని 1906లో ప్రకటించెను. ఈథరును బొట్టుబొట్టుగా వేయుచు, రోగితో మెల్లగా మాటలాడి ధైర్యము చెప్పుట ఆమె పద్ధతి. మందు కొంచెము, మాట యెక్కువ!

తెలుగుదేశమునకును ఈ విద్యలో పేరు కలదు. హైదరాబాదులో నిజాముగారి ధనసహాయముతో 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారమును గూర్చిన పరీక్షలు జరిగెను. ఆ నగరముననే రూపాబాయి ఫర్దూన్జీగారు క్లోరోఫారము నిచ్చుటలో ఆరితేరిరి. అయితే ఆమె డాక్టరు, నర్సు కాదు. ఈ భేదమును మఱువరాదు. మన దేశమునందును కువైటునందును మత్తు నిచ్చు బాధ్యత నేటికిని డాక్టరులదే. నర్సు సహాయము చేయును.

కువైటులోని రిగ్గై, ప్రవాసులు విస్తారముగా వసించు పేట. 1912లో మిషను వైద్యురాలు ఎలినార్ కాల్వర్లీగారు స్త్రీలకు వైద్యము చేయ వచ్చిన దేశమిదియే. ఇట్టి చోట నర్సుపని చేయుచు, అమెరికాకు పోయి మత్తు నిచ్చు నర్సులము కావలెనని కోరు మన ఆడపిల్లలు దారిని ముందుగానే యెఱుంగవలెను. మొదట నాలుగేండ్ల బి.యస్సీ. నర్సింగు. పిమ్మట అమెరికా నర్సుల పరీక్షలో గెలిచి, అచ్చట రిజిస్టరు కావలెను. తరువాత కడు విషమస్థితిలోనున్న రోగుల వార్డులో, అనగా ఐ.సి.యు.లో, ఒక సంవత్సరమైనను పనిచేయవలెను. ఆ సంవత్సరము అమెరికాలోనే గడువవలెనని నియమము. కువైటులో పదియేండ్లు ఐ.సి.యు.లో మేల్కొనియున్నను అది లెక్కకు రాదు! ఇది కఠినమని మాకు తోచుచున్నది. అయినను ఆ యనుభవము అమెరికాలో ఐ.సి.యు. ఉద్యోగము దొరకుటకు తోడ్పడును. అటుపిమ్మట మూడేండ్ల చదువు. 2022 మొదలు క్రొత్తగా చేరువారందఱును డాక్టరేటు పట్టమునకే చదువవలెను. రోగులయొద్ద 2,000 గంటలకు తక్కువ గాకుండ అభ్యసించి, కడపట జాతీయపరీక్ష నీయవలెను.

మన పట్టణములలో అనస్థీషియా టెక్నాలజీ యను మఱియొక కోర్సు కలదు. మత్తుయంత్రమును సిద్ధపఱచుట, వాయువులను పరీక్షించుట నేర్పుదురు. మంచి పనియే, కాని దానివలన ఎవ్వరును నర్సు కారు. రెండును ఒకటే యని చెప్పి రుసుము పుచ్చుకొనువానిని నమ్మకుడు. కువైటుకు నర్సులను పంపుటకు తెలంగాణమున టామ్‌కామ్, ఆంధ్రమున ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వ సంస్థలు గలవు. ఏ ఏజెంటైనను పన్నుగాక 30,000 రూపాయలకు మించి తీసికొనుట చట్టవిరుద్ధము. ఇచ్చిన దానికి రసీదు అడుగుడు. పదవ తరగతి ముగిసిన బిడ్డను నర్సింగునకు పంపదలచిన తలిదండ్రులు ఇంటరులో బై.పి.సి.లోనే చేర్పింపవలెను.