కాండంలో దాక్కున్నా వదలని ఈగలు

కాండం తొలిచే పురుగు ఒకసారి లోపలికి చేరిందంటే, పైన కొట్టే మందు దానికి తగలడం కష్టం. ఆ సొరంగంలోకే దూరి దాన్ని పట్టే మిత్ర పురుగులున్నాయి. అవి టాకినిడ్ ఈగలు.

★ టాకినిడ్ కుటుంబంలో 8,000కు పైగా జాతులను గుర్తించారు. అన్నీ పరాన్నజీవులే. చాలావాటికి ఒంటినిండా బిరుసు వెంట్రుకలుంటాయి. ఎదిగిన ఈగలు మాత్రం పూల తేనె, పేనుబంక విసర్జించే తీపి జిగురు తాగి బతుకుతాయి.

★ మన దేశపు ఈగ స్టర్మియాప్సిస్ ఇన్‌ఫెరెన్స్. చెరకు పీకపురుగు, అలాగే వరి, చెరకులను తొలిచే గులాబి రంగు పురుగు దీని వేట. చెరకులో పీకపురుగు నివారణకు ఎకరాకు 125 చూలు ఈగలను వదలాలని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేస్తుంది.

★ ఈ ఈగ గుడ్లు కడుపులోనే పొదుగుతాయి. తల్లి ఈగ రంధ్రం దగ్గర పిల్లలనే వదులుతుంది. అవి సొరంగం వెంట పాకి, పురుగు చర్మాన్ని తొలుచుకుని లోపలికి దూరతాయి.

★ మరి లోపల గాలి ఎలా? చాలా టాకినిడ్ పిల్లలు పురుగు చర్మానికో, శ్వాసనాళానికో అతుక్కుని, అక్కడ ఏర్పడే చిన్న గరాటు ద్వారా ఊపిరి తీసుకుంటాయి.

★ 1932లో కీటక శాస్త్రవేత్త జె.జి. మయర్స్ అమెజాన్ నది తీరాల్లో చెరకు పురుగును చంపే మరో ఈగను కనుగొన్నాడు. మరుసటి ఏడాది దాన్ని బ్రిటిష్ గయానా చెరకు తోటల్లో వదిలారు.

★ క్యూబా ఈగ లిక్సోఫాగాకు పురుగు రెట్టే ఆనవాలు. ఆ రెట్ట తగిలిన చోటే పిల్లలను వదులుతుంది. క్యూబాలో దశాబ్దాలుగా ఈ ఈగను ప్రయోగశాలల్లో పెంచి చెరకు తోటల్లో వదులుతున్నారు.

★ ఐరోపా మొక్కజొన్న పురుగు 1917లో అమెరికాలో బయటపడింది. దాని వెనకే ఐరోపా నుంచి లైడెల్లా ఈగనూ తెప్పించి వదిలారు.

★ ఇదే కుటుంబంలో రైతును ఏడిపించేదీ ఉంది. ఊజీ ఈగ పట్టుపురుగు మీద గుడ్డు పెడుతుంది. 1980లో కర్ణాటకలో అడుగుపెట్టింది. పట్టు రైతులు పెంపకం గదులకు నైలాన్ వలలు కట్టేది దీన్ని ఆపడానికే.

★ మొవ్వు ఎండిన పిలకను చీల్చినప్పుడు గోధుమ రంగు కోశాలు రెండు రకాలుగా కనిపించవచ్చు. పొడవుగా, తోక కొస సన్నగా, రెక్కల గుర్తులతో ఉన్నది కాండం తొలిచే పురుగుది. నున్నగా, రెండు కొసలూ గుండ్రంగా, పీపాలా ఉన్నది ఈగది. దాన్ని నలపకండి, చేలోనే ఉంచండి. అలాంటివి ఎక్కువగా కనిపిస్తే మందు కొట్టే ముందు వ్యవసాయాధికారిని అడగండి. విచక్షణ లేకుండా కొట్టిన మందు పురుగు కంటే ముందు బయట తిరిగే ఈగనే చంపుతుంది.