నడిసంద్రంలో నిలబడే ఓడ

వాన చుక్క కోసం మబ్బుకేసి చూసే అనంతపురంలో ఓడల మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. ఐతే ఓడను తిన్నగా నడిపే సూత్రం మన సేద్యగాళ్ళకు కొత్తది కాదు.

మడక దున్నేటప్పుడు సాలు ఎంత వంకరపోతే పగ్గం అంత లాగుతాం. ఎద్దులు వడిగా పక్కకు తిరుగుతుంటే సాలు చెడకముందే అదిలిస్తాం. దాపటి ఎద్దు ఎప్పుడూ ఎడమకే గుంజుతుంటే పగ్గాన్ని ఎప్పుడూ కాస్త కుడికే బిగించి పట్టుకుంటాం. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నికొలస్ మైనార్‌స్కీ, చుక్కాని పట్టే నావికుల పద్ధతిని గమనించి 1922లో గణితంలో పెట్టింది ఈ మూడింటినే. ఫ్యాక్టరీల్లో వాడే పి.ఐ.డి. కంట్రోల్ అదే. న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద అది బాగానే పనిచేసింది గాని, నావికులు ఒప్పుకోక యంత్రాన్ని తీసివేశారు.

ఓడను నడపడంకంటె ఒకేచోట నిలపడం కష్టం. కాకినాడకు ఎదురుగా, బంగాళాఖాతంలో, కృష్ణా-గోదావరి బేసిన్ డి6 బ్లాకులో 2002లో గ్యాస్ కనుగొన్నారు. 2009లో ఉత్పత్తి మొదలైంది. అంత లోతు నీళ్ళలో బావి తవ్వే ఓడలు చాలావరకు లంగరు వేయవు. అడుగున ప్రొపెల్లర్లు తిప్పుకుంటూ, కంప్యూటరు సాయంతో బావికి నేరుగా పైన నిలుస్తాయి. ఓడకూ బావికీ మధ్య పొడవాటి పైపు ఉంటుంది. ఓడ హద్దు దాటి జరిగితే పైపు తెగవచ్చు, బావి ఎగదన్నవచ్చు. పైనున్నవారి ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే అవసరమైతే పైపును వెంటనే విడదీసే ఏర్పాటు కూడా ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. అల వచ్చినప్పుడు ఓడ కొన్ని సెకన్లు ఊగి మళ్ళీ తన చోటికి వస్తుంది. గాలీ, నీటి ప్రవాహమూ అలా కాదు. నిమిషాల తరబడి మెల్లగా తోసుకుపోతాయి. కొలిచే సాధనాలు ఈ రెంటినీ కలిపే చూపిస్తాయి, పైగా వాటి పొరపాట్లు వేరే. ప్రతి ఊపుకూ ఎదురు తిరిగితే ఇంధనం దండుగ, యంత్రాలు అరిగిపోతాయి. అలను ఆపడం ఎలాగూ మన చేతిలో లేదు. ఆపవలసింది ఆ మెల్లని తోపునే.

మరి దాన్ని వేరుచేయడమెలా? ఆర్.ఇ. కాల్మన్ 1960లో దారి చూపాడు. ఓడ బరువు, గాలి, ప్రొపెల్లర్ల బలం తెలుసు కనుక మరుక్షణం ఓడ ఎక్కడుండాలో ముందే లెక్కగట్టాలి. కొలత వచ్చాక తేడా చూడాలి. లెక్కను ఎంత నమ్మవచ్చో, కొలతను ఎంత నమ్మవచ్చో తూచి, రెంటి మధ్య అంచనా తీసుకోవాలి. క్షణక్షణమూ ఇదే పని. నార్వేలో బాల్చెన్ బృందం 1970లలో దీన్ని ఓడలకు అన్వయించింది.

1948లో జలఉష నీళ్ళకు దిగిన మన విశాఖపట్నంలోనే, 1969లో ఏర్పడిన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో నమూనా ఓడలను కృత్రిమ అలల్లో పరీక్షిస్తారు.

మట్టిలో తేమ కొలిచి డ్రిప్పు వాల్వు తిప్పే యంత్రానికీ ఇదే చిక్కు. సూది ముల్లు అదిరినప్పుడల్లా నీళ్ళు వదిలితే బోరు ఎండుతుంది. నేల నిజంగా ఆరుతున్నా కదలకపోతే వేరుశనగ ఎండుతుంది. మనం పరీక్ష కోసం బట్టీపట్టే అవకలన సమీకరణాలు ఆ తేడా చెప్పగలవు.