ఎక్స్-వింగ్: పోరుకు ముందు రెక్కలు విప్పే నౌక

ఎక్స్-వింగ్ ‘స్టార్ వార్స్’ సినిమాల్లో కనిపించే అంతరిక్ష పోరాట నౌక. నడిపేది ఒక్క పైలట్. 1977 మే 25న అమెరికాలో విడుదలైన తొలి చిత్రంలోనే ఇది తెరమీదికి వచ్చింది. ప్రయాణంలో ఉన్నప్పుడు దీనికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి రెక్కలున్నట్టు కనిపిస్తుంది. పోరాటానికి దిగే ముందు ఒక్కో రెక్క రెండు పలకలుగా విడిపోతుంది. పై పలక పైకి, కింది పలక కిందికి జరుగుతాయి. అప్పుడు ఎదురుగా చూస్తే నౌక ఇంగ్లీషు ‘ఎక్స్’ అక్షరంలా ఉంటుంది. కదిలే ఈ రెక్కలను కథలో ‘ఎస్-ఫాయిల్స్’ అంటారు.

కథ ప్రకారం దీన్ని తయారుచేసింది ఇన్‌కామ్ అనే సంస్థ. మోడల్ పేరు టీ-65. గెలాక్సీని ఏలుతున్న సామ్రాజ్యం మీద పోరాడే తిరుగుబాటుదారులకు ఇదే ప్రధాన ఆయుధం. నాలుగు రెక్కల చివర నాలుగు లేజర్ ఫిరంగులు, మొదళ్ల దగ్గర నాలుగు ఇంజన్లు ఉంటాయి. ముక్కు భాగంలో ఇరువైపులా ప్రోటాన్ టార్పెడోలు వదిలే గొట్టాలున్నాయి. పైలట్ వెనక ఉన్న గూటిలో ఒక డ్రాయిడ్, అంటే యంత్రసహాయకుడు కూర్చుంటుంది. దారి లెక్కలు కట్టడం, దెబ్బతిన్న భాగాలను ఎగురుతూండగానే బాగుచేయడం దాని పని. శత్రువుల టై ఫైటర్లకు సాధారణంగా లేని రెండు సదుపాయాలు ఎక్స్-వింగ్‌కు ఉన్నాయి. ఒకటి తూటాలను అడ్డుకునే శక్తికవచం. రెండోది కాంతి వేగాన్ని మించి దూర తారలకు చేర్చే హైపర్‌డ్రైవ్. అందుకే తిరుగుబాటుదారులు పెద్ద నౌకల అండ లేకుండానే దూరం నుంచి వచ్చి దాడిచేసి వెళ్లిపోగలరు.

తొలి చిత్రం పతాక సన్నివేశం ప్రధానంగా ఈ నౌకల మీదే నడుస్తుంది. గ్రహాలనే పేల్చేయగల డెత్ స్టార్ అనే కృత్రిమ గోళానికి ఒకే బలహీనత ఉంది. అది రెండు మీటర్ల వెడల్పున్న ఒక రంధ్రం. ‘రెడ్ ఫైవ్’ అనే పిలుపు పేరుతో ఎగిరిన లూక్ స్కైవాకర్, ఆర్2-డీ2 అనే డ్రాయిడ్‌ను వెంటబెట్టుకుని, పొడవాటి కందకంలోంచి దూసుకెళ్లి ఆ రంధ్రంలోకి టార్పెడోలు వదులుతాడు. 1980లో వచ్చిన రెండో చిత్రంలో అదే లూక్ నౌక డాగోబా గ్రహంలోని బురదలో మునిగిపోతుంది. గురువు యోడా చేయి తాకకుండానే దాన్ని పైకి లేపుతాడు.

గాలి లేని చోట రెక్కలెందుకు అన్న ప్రశ్న సహజం. విమానాన్ని పైకి నిలబెట్టేది రెక్కల చుట్టూ పారే గాలి. శూన్యంలో ఆ అవసరమే లేదు. మలుపు తిరగాలన్నా పక్కలకు చిమ్మే చిన్న ఇంజన్లు చాలు. కథను విస్తరించిన పుస్తకాలు దీనికి రకరకాల కారణాలు చెబుతాయి. రెక్కలు విప్పితే ఫిరంగులు ఒకదానికొకటి దూరమై గుళ్లు ఎక్కువ మేర పరుచుకుంటాయని, యంత్రాల వేడి బయటికి పోతుందని వాటి సారాంశం. నిజ జీవితంలో విమానాల రెక్కలు కదలడానికి కారణాలు వేరు. మన నౌకాదళం వాడే మిగ్-29కే యుద్ధవిమానాల రెక్కలు విమానవాహక నౌక మీద చోటు కలిసిరావడానికి ముడుచుకుంటాయి. 2019లో మన వాయుసేన నుంచి విరమించిన మిగ్-27లో వేగాన్ని బట్టి రెక్కలు వెనక్కి వాలేవి. ఎక్స్-వింగ్ రెక్కలకు అసలు కారణం ఇంజనీరింగ్ కాదు, సినిమా. నౌక ప్రయాణంలో ఉందా పోరులో ఉందా అన్నది ఒక్క మాట లేకుండా ప్రేక్షకుడికి తెలియాలి.

దీని తొలి రూపం గీసినది కోలిన్ కాంట్‌వెల్. అంతకుముందు ఆయన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రానికి పనిచేశారు. బ్రిటన్ పబ్బులో గురిపలక మీదికి విసిరే డార్ట్ బాణాన్ని చూసి ఈ ఆకారం తట్టిందని, రెక్కలు విచ్చుకునే ఆలోచన వెనక తుపాకీ దూసే కౌబాయ్ ఉన్నాడని ఆయన తర్వాత చెప్పారు. దర్శకుడు జార్జ్ లూకాస్‌కు కావలసింది కూడా ఒక్క చూపులో గుర్తుపట్టే ఆకారమే. గుండ్రటి గదికి అటూ ఇటూ పలకలు నిలబెట్టిన టై ఫైటర్ పక్కన ఎక్స్-వింగ్ పెడితే ఎవరు ఎవరో పిల్లలకు కూడా తెలిసిపోతుంది. కాంట్‌వెల్ నమూనాను చిత్రీకరణకు తగినట్టు జో జాన్‌స్టన్ మార్చి తీర్చిదిద్దారు.

తెరమీద ఎగిరినవి చిన్న నమూనాలు. ట్యాంకులు, విమానాల ప్లాస్టిక్ బొమ్మల కిట్ల నుంచి తీసిన ముక్కలను వాటికి అతికించి, మసి, గీతలు పెట్టి, ఏళ్లుగా వాడినట్టు చేశారు. కొన్నింటి రెక్కలు మోటారుతో కదిలేవి. నమూనా నిలిచి ఉంటే కెమెరాయే దాని చుట్టూ తిరిగేది. జాన్ డైక్‌స్ట్రా బృందం తయారుచేసిన కంప్యూటర్ నియంత్రిత కెమెరా ఒకే కదలికను ఎన్నిసార్లయినా తేడా లేకుండా చేయగలిగేది. అందువల్ల విడివిడిగా తీసిన నౌకలు, తారలు, పేలుళ్లు ఒకే దృశ్యంలో కలిశాయి. నౌకల వెనక నీలి తెర పెట్టి చిత్రీకరించేవారు. నౌక మీద నీలి చారలుంటే అవి తెరలో కలిసి మాయమవుతాయి కాబట్టి, లూక్ ఎగిరే దళానికి మొదట అనుకున్న ‘బ్లూ’ పేరు ‘రెడ్’గా మారింది. బ్లూ దళం 2016లో ‘రోగ్ వన్’ చిత్రంలో తెరకెక్కింది.

నౌకల కదలికలకు ఆధారం రెండో ప్రపంచయుద్ధపు వైమానిక పోరాటాల చిత్రాలు. దృశ్యాలు తయారయ్యే దాకా లూకాస్ వాటిని కూర్పులో నింపుకుని లయ చూసుకున్నారు. కందకంలో సాగే దాడిలో 1955 నాటి బ్రిటిష్ చిత్రం ‘ది డ్యామ్ బస్టర్స్’ ప్రభావం ఉంది. ఎక్స్-వింగ్ శూన్యంలోనూ విమానంలా ఒరిగి మలుపు తిరగడానికి మూలం ఈ యుద్ధ చిత్రాలే.

2015లో ‘ది ఫోర్స్ అవేకెన్స్’తో టీ-70 అనే కొత్త తరం వచ్చింది. ఇందులో పైకీ కిందికీ ఉన్న అర్ధవృత్తాకార ఇంజన్లు రెక్కలు ముడుచుకున్నప్పుడు కలిసి పూర్తి వృత్తమవుతాయి. మొదటి చిత్రాలకు చిత్రకారుడు రాల్ఫ్ మెక్‌క్వారీ గీసి వాడకుండా మిగిలిన ఊహలే దీనికి ఆధారం.

సినిమా దాటి కూడా ఈ నౌకకు చాలా జీవితం ఉంది. 1993లో దీని పేరుతోనే కంప్యూటర్ గేమ్ వచ్చింది. 2013లో లెగో సంస్థ 50 లక్షలకు పైగా ఇటుకలతో నిజ పరిమాణపు ఎక్స్-వింగ్ కట్టి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలబెట్టింది. 2023 అక్టోబరులో తొలి చిత్రానికి వాడిన ఒక నమూనా వేలంలో 31 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2019లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రం కోసం చేసిన పూర్తి పరిమాణపు టీ-70 ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో నిజమైన విమానాలతోపాటు ప్రదర్శనలో ఉంది.